మిగులు ఆహారము - దానధర్మము

ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట పుణ్యమని చెప్పని మతము లేదు. ఆహారము, ఔషధము, శాస్త్రము, అభయము అను నాలుగు దానములలో జైనులు ఆహారదానమునే మొదట లెక్కింతురు. అయితే, తన కక్కరలేక మిగిలిన పదార్థమును పేదవాని కిచ్చినచో అది దానమగునా? లేక ఇల్లు శుభ్రము చేసికొనుట మాత్రమేనా?

తత్త్వార్థసూత్రమున ఉమాస్వామి దానమునకు రెండు గుర్తులు చూపెను. ఇచ్చు వస్తువు తనదై యుండవలెను. ఇచ్చుట మేలు కొరకై యుండవలెను. విధి, ద్రవ్యము, దాత, పాత్రము - ఈ నాలుగింటి తారతమ్యమును బట్టియే దానమున తారతమ్యము కలుగునని కూడ తెలిపెను. ఈ కొలతతోనే మిగులు ఆహారమును కొలిచి చూడవలెను.

చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలు ఏడాది పొడుగున పారు నది లేని మెట్టసీమ. బోరుబావిలో నీరు చూచుకొని రైతు టమోటా పెట్టును. 2023 జూలైలో దేశమందలి పెక్కు నగరములలో టమోటా కిలో నూరు రూపాయలు దాటెను. ధర పడిపోయినప్పుడో, అమ్మగా వచ్చిన పైకము కోతకూలికి, బండి బాడుగకు చాలదు. పండిన కాయ తోటలోనే కుళ్లును. మార్కెట్టుకు తెచ్చినదియు ఒక్కొక్కప్పుడు రోడ్డుపాలగును. జైనదృష్టిలో నీటికిని మొక్కకును ప్రాణమున్నది. ఇన్ని ప్రాణముల ఖర్చుతో పండిన కాయ ఎవరి ఆకలియు తీర్పక కుళ్లుట నిష్ఫలమైన హింస.

ఇది ఈ సీమ బాధ మాత్రమే కాదు. 2022లో ప్రపంచమున 105 కోట్ల టన్నుల ఆహారము వ్యర్థమైనదని, అందు నూటికి 60 పాళ్లు ఇండ్లలోనే వ్యర్థమైనదని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమము 2024 నివేదికలో తెలిపినది.

కావున మిగిలిన కాయలను తెచ్చి వండి పెట్టుట మంచిపనియే. కాని ఇందు రెండు పొరపాట్లకు చోటున్నది.

మొదటిది, ద్రవ్యము ఎవరిదను విషయము. నష్టపోయిన రైతు పంటను ఊరక తెచ్చి, సంతర్పణ చేసి, బోర్డుపై తమ పేరు వ్రాసికొన్నచో అసలు దాత ఎవడు? తనకు తెలియకయే దాతయైనవాడు ఆ రైతు. కనీసము కోతకూలియు బాడుగయు అతని చేతిలో పెట్టినప్పుడే ఆ కాయ వండువానిదగును.

రెండవది, కాలము. దిగంబర గృహస్థుల వంటింటి ఆచారమున అన్నము, పప్పు వంటివానికి రెండు జాములు, అనగా ఆరు గంటలే మర్యాద. ఆపైన అది అభక్ష్యము. రాత్రి పెండ్లిలో మిగిలిన సాంబారన్నమును తెల్లవారి తాను ముట్టనివాడు, దానినే బీదవానికి పెట్టి పుణ్యమని తలచుట ఎట్లు? ఆకలి పాత్రతను పెంచునేగాని పాచిపోయిన పదార్థమును శుద్ధి చేయదు. నేటి శాస్త్రమును ఇట్లే చెప్పుచున్నది: వండినదానిని 60 డిగ్రీలకు మించిన వేడిలో ఉంచవలెను, లేదా త్వరగా చల్లార్చి 5 డిగ్రీలకు లోపల భద్రపరచవలెను. మిగులు ఆహారమును సేకరించి పంచుటకు భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2019లో నిబంధనలను కూడ చేసినది.

దీనినిబట్టి మార్గము స్పష్టము. మిగిలిన వంటకముకంటె మిగిలిన పచ్చిసరకును ఉదయమే సేకరించి, ఏరి, కడిగి, కొత్తగా వండి, ప్రొద్దుండగనే పెట్టుట మేలు. పొయ్యి లేనివానికి, పొయ్యి రాజేయు ఓపిక లేని ముదుసలికి బుట్టెడు టమోటాలిచ్చిన ప్రయోజనమేమి? రాగిముద్దయు టమోటాపప్పును చేతికందినప్పుడే ఆకలి తీరును. కాయను అన్నముగా మార్చునది మనుష్యుని శ్రమ.

మిగిలిన వస్తువును విడుచుటలో త్యాగము లేదు. దానికై వెచ్చించిన పూటలో త్యాగమున్నది. ఆ పూటయే నిజముగా దాత సొత్తు. 2014లో ఢిల్లీలో ప్రారంభమైన రాబిన్ హుడ్ ఆర్మీ విరాళముగా ధనము స్వీకరింపదు. సభ్యుల సమయమునే కోరును. కలవాడును లేనివాడును సమానముగా ఈయగలిగినది అదియే.

వడ్డించువాడు మొదట ఒక ముద్ద తాను తిని చూడవలెను. తినగలిగినచో నిస్సంకోచముగా పెట్టవచ్చును. తినజాలనిచో అది పారవేయుటకు మరియొక మార్గము మాత్రమే. దానికి దానమను పేరు తగదు.