మర్చిపోయాను

మా వాచ్‌మన్ కూతురు పాలిసెట్ రాసింది. వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజుల్లో ఆయన గేటు దగ్గర నన్ను ఆపి, "సార్, జర మీరే పెట్టియ్యుండ్రి, మాకు సమజ్ కాదు" అన్నాడు. రేపు సాయంత్రం తప్పకుండా అన్నాను. సుచిత్ర నుంచి కొంపల్లి దాకా ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చేసరికి ఏ సాయంత్రమైనా రాత్రే అవుతుంది. గడువు దాటిపోయింది. చివరి విడతలో వచ్చిన సీటు ఇంటికి చాలా దూరం. పిల్లను పంపలేదు.

"మర్చిపోయాను" అన్నాను.

ఈ మాట ఒప్పుకోలా, సాకా? ఎప్పుడో చదివిన పాఠం మర్చిపోతే ఎవరూ ఏమీ అనుకోరు. చేస్తానన్న పని మర్చిపోతే మాత్రం మనిషినే తప్పుపడతారు. ఐన్‌స్టీన్ (ఆ ఐన్‌స్టీన్ కాదు), మెక్‌డేనియల్ అనే మనస్తత్వవేత్తలు 1990లో ఒక ప్రయోగం చేశారు. వేరే పనిలో మునిగి ఉండగా ఫలానా మాట కనబడితే మీట నొక్కాలి. అందులో పెద్దవాళ్ళు కుర్రాళ్ళకేమీ తీసిపోలేదు. ఎదురుగా ఒక గుర్తు ఉంటే చాలన్నమాట. 'చేస్తాను' అనుకోవడం కంటే 'ఫలానాది కనబడగానే చేస్తాను' అనుకుంటే పని జరిగే అవకాశం ఎక్కువని 1999లో పీటర్ గోల్‌విట్సర్ రాశాడు. మా నాయనమ్మ అందుకే కొంగుకు ముడేసుకునేది. కాసేపయ్యాక ఆ ముడి పట్టుకుని "ఇది దేనికేసిన్నే?" అని మమ్మల్నే అడిగేది, అది వేరే సంగతి.

నాకు ముడి లేదనడానికి లేదు. రోజూ రెండుసార్లు గేటు తీసి నమస్తే పెట్టే మనిషే ముడి. అదే వారం కారు ఇన్సూరెన్సు కట్టడం మర్చిపోలేదు. అలాగని మరపంతా లెక్కలేనితనమే అనలేను. ప్రాణంగా పెంచుకున్న బిడ్డను కారులో మర్చిపోయిన తల్లిదండ్రులున్నారు.

మహాభారతంలో దుష్యంతుడికి శాపమూ లేదు, ఉంగరమూ లేదు. అంతా గుర్తుండే, లోకానికి వెరచి, శకుంతలను ఎరగనన్నాడు. కాళిదాసు దుర్వాసుణ్ణి తెచ్చి, రాజుకు మరపునిచ్చి కాపాడాడు.

గడువుకు ముందురోజు రాత్రి లిఫ్టులో ఆప్షన్ల సంగతి నాకు గుర్తొచ్చింది. అలసిపోయి ఉన్నాను. పొద్దున చూద్దాంలే అనుకున్నాను.

ఈ సంగతి ఆయనకు చెప్పలేదు. "పర్లేదు సార్, మీకు మస్తు పనులుంటయ్, మర్చిపోతరు" అన్నాడు.