చూడని చార్టు మీద సంతకం పెట్టకు

అమ్మడూ,

బాపట్లలో నీకు ఫుడ్ టెక్నాలజీ సీటు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. వెనక నుంచి మీ నానమ్మ "వంట నేర్చుకోవడానికి నాలుగేళ్ల బీటెక్కా?" అనడమూ వినపడింది. కోపం తెచ్చుకోకు. ఈ విద్యలో నాకు మొదటి గురువు ఆవిడే, నీకూ ఆవిడే.

వేసవి సెలవులకు వచ్చినప్పుడు ఆవకాయ పెట్టే చోట కూచో. ముక్కను పొడిగుడ్డతో తుడుస్తుంది. తడి గరిటె తగలనివ్వదు. నూనె పైకి తేలేదాకా పోస్తుంది. ఎందుకంటే "బూజు పడుతుందే" అంటుంది. నువ్వు కాలేజీలో చదవబోయేది ఆ ఎందుకునే. ఉప్పు నీటిని పట్టేసుకుంటే సూక్ష్మజీవికి చుక్క మిగలదు. నూనె గాలిని ఆపి బూజును అడ్డుకుంటుంది. గాలి లేనిచోటే పెరిగే బొటులిజం క్రిమి సంగతి పులుపు చూసుకుంటుంది: పీహెచ్ 4.6 కంటే దిగితే అది పెరగలేదు. కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ రెండూ ఆ జాడీలోనే ఉన్నాయి.

ఇక ఉద్యోగాలు. చిత్తూరులో మామిడి గుజ్జు, గుంటూరులో మిర్చి, భీమవరంలో రొయ్య. మిర్చిలో అఫ్లాటాక్సిన్, రొయ్యలో యాంటీబయాటిక్ అవశేషం తేలితే పరాయి దేశపు రేవులో సరుకు ఆగిపోతుంది. దాన్ని ఇక్కడే పట్టుకునే మనిషి కావాలి. డెయిరీలు, బిస్కెట్ కంపెనీలు సరే. సర్కారు కొలువు కావాలంటే 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకు ఈ డిగ్రీ పనికొస్తుంది. పరిశోధన మీద మనసుంటే మైసూరులో 1950లో మొదలైన ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ ఉంది. గేదెపాలతో పసిపిల్లల పాలపొడి చేసే పద్ధతి తెచ్చింది ఆ సంస్థే. మన పాడికి తగ్గ శాస్త్రం అంటే అదీ.

ఒక మాట దాచను. మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మీ అన్నకొచ్చినంత రాదు. సీజన్‌లో రాత్రి షిఫ్టులు తప్పవు.

ఇంకోటి, ఎవరికీ చెప్పనిది. కొత్తలో నేనొక గుజ్జు ఫ్యాక్టరీలో ఉండగా ఒక రాత్రి బాయిలర్‌లో ఆవిరి పడిపోయింది. డబ్బాలు సరిగా ఉడకలేదు. "పొద్దున్నే లోడింగు, సంతకం పెట్టెయ్యవయ్యా" అన్నాడు మేనేజరు. డబ్బాలు ఎంత వేడిలో ఉడికాయో చూపే చార్టు చూడకుండా పెట్టేశాను. వానలకు లారీ రాలేదు. నాలుగో రోజుకు గోడౌన్‌లో డబ్బాలు ఉబ్బాయి. నన్ను కాపాడింది నా చదువు కాదు, ఆ వాన.

అందుకే అడుగుతున్నా తల్లీ. మార్కులు కొంచెం తగ్గినా పర్వాలేదు, సెలవుల్లో ఏదో ఒక ఫ్యాక్టరీలో మెషిన్ దగ్గర పనిచేసేవాళ్ల పక్కన నిలబడి నేర్చుకో. ఎవరు తొందరపెట్టినా చూడని చార్టు మీద సంతకం పెట్టకు. ఆ డబ్బా ఏ ఇంట్లో, ఏ పసివాడి ముందు తెరుస్తారో మనకు తెలియదు.

మీ పెదనాన్న