పాత నాణేలు

బళ్ళో కొత్తగా చేరిన పిల్లాడితో జట్టు కట్టడానికి మీరేం చేశారో గుర్తుందా? గోళీలు చూపించారా, జామకాయ పెట్టారా? ఫ్రెడ్ ఉల్మన్ రాయగా 1971లో వచ్చిన 'రీయూనియన్' అనే చిన్న నవలలో హాన్స్ పాత గ్రీకు నాణేలు బడికి పట్టుకెళ్తాడు. 1932, జర్మనీలో స్టుట్‌గార్ట్ నగరం. హాన్స్ యూదు డాక్టరు గారబ్బాయి. కొత్తగా వచ్చిన కోన్రాడిన్ పేరుమోసిన ప్రభువంశం వాడు. నాణేలతో మాట కలిసింది. ఆపైన కవిత్వం, కొండల్లో నడకలు, దేవుడి మీద వాదనలు.

హాన్స్ ఇంటికి కోన్రాడిన్ చనువుగా వస్తాడు. తన ఇంటికి మాత్రం అమ్మానాన్నా లేనప్పుడే పిలుస్తాడు. ఆ సంగతి హాన్స్‌కి ఆలస్యంగా తడుతుంది. ఒక సాయంత్రం ఒపేరా హాల్లో తల్లిదండ్రులతో వచ్చిన కోన్రాడిన్, ఎదురుగా ఉన్న నేస్తాన్ని చూసీ చూడనట్టు వెళ్ళిపోతాడు. నాజీ జెండాల కన్నా నాకు భయం వేసింది అక్కడే. తన అమ్మకు యూదులంటే గిట్టదని తర్వాత కోన్రాడినే ఒప్పుకుంటాడు.

ఉల్మన్ కూడా స్టుట్‌గార్ట్‌లో పుట్టిన యూదుడే. లాయరుగా ఉండి 1933లో దేశం విడిచాడు, తర్వాత చిత్రకారుడయ్యాడు.

కోన్రాడిన్ చివరికి ఏమయ్యాడో నేను చెప్పను. ఏళ్ళ తర్వాత యుద్ధంలో పోయిన పూర్వ విద్యార్థుల జాబితా హాన్స్ చేతికొస్తుంది. మిగతా పేర్లన్నీ చదువుతాడు. స్నేహితుడి ఇంటిపేరు మొదటి అక్షరం ఉన్న పేజీ మాత్రం వెంటనే తిప్పలేకపోతాడు.