ఆవం ముందు ఓపిక

సమ్మక్క-సారలమ్మల జాతర జరిగే మేడారంలో సమ్మక్కకు విగ్రహం లేదు. జాతర రెండో రోజు, గురువారం, కోయ పూజారులైన వడ్డెలు చిలకలగుట్ట నుంచి కుంకుమభరిణె రూపంలో అమ్మను గద్దెకు తెస్తారు. కింద లక్షల మంది ఎదురుచూస్తుంటారు. ఎవరెంత తొందరపడినా గుట్ట మీద జరగాల్సిన పూజ జరిగాకే అమ్మ కదులుతుంది. అంతకు రెండు వారాల ముందే గుడిమెలిగె, వారం ముందు మండమెలిగె పండుగలు అయి ఉంటాయి.

మట్టిని నిప్పుకు అప్పగించేవాళ్లు ఇవాళ తలచుకోవాల్సింది ఈ క్రమాన్నే. చితుకులూ పిడకలూ పేర్చి కాల్చే ఆవం ఇప్పుడు కొందరి ఇళ్లలో కరెంటు పెట్టె అయింది. స్విచ్ వేస్తే చాలు గదా అనిపిస్తుంది. మంట కనబడకపోయినా అది నిప్పే. పైగా దాని కాయిళ్లలో కరెంటు. కుండ పైకి ఆరినట్టున్నా లోపల తడి దాగి ఉంటుంది. వంద డిగ్రీల దగ్గర అది ఆవిరై దారి వెతుక్కుంటుంది. దారివ్వకుండా వేడి పెంచితే కుండ పేలిపోతుంది, పక్కవాటినీ పగలగొడుతుంది. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా ఉబ్బుతుంది. చల్లారేటప్పుడు మళ్లీ అక్కడే ముడుచుకుంటుంది. ఎక్కేటప్పుడైనా దిగేటప్పుడైనా ఆ మెట్టు దగ్గర నెమ్మదించాల్సిందే.

మేడారం ఉన్న ములుగు జిల్లాలోనే, పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి ఉంది. దాని శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ల మీద తేలతాయి. మట్టిలో కలిపినవి నిప్పులో కాలిపోయి, ఆ చోట ఖాళీలు మిగలడం వల్లే అంత తేలిక అంటారు. కాలినదేదైనా పొగై ఎటో పోవాలి గదా! మూసిన గదిలో అది మన ఊపిరిలోకే వస్తుంది. అందులో వాసన కూడా తెలియని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. కిటికీలు తెరవడమూ పూజలో భాగమే అనుకోండి.

ప్రహ్లాదుడి కథగా చెప్పుకునేదొకటి ఉంది. కుమ్మరి ఇల్లాలు వెలిగించిన ఆవంలో పిల్లికూనలు చిక్కుకుంటాయి. ఆమె హరిని వేడుకుంటే బతికి బయటపడతాయి. విశ్వాసం గొప్పదే. నాకు మాత్రం ఆ తల్లి వెలిగించే ముందు ఒకసారి లోపలికి చూసి ఉండాల్సిందనిపిస్తుంది. మనం పడాల్సిన జాగ్రత్తను దేవుడి మీదికి నెట్టడం భక్తి కాదు.

ప్రార్థన: సమ్మక్క తల్లీ, సారలమ్మ తల్లీ, మాకు తొందర పుట్టినప్పుడు చెయ్యి పట్టి ఆపండి. స్విచ్ వేసి నిద్రపోయే మొండి ధైర్యం మాకివ్వకండి.

నేటి పని: ఆవానికి విడిగా ఎంసీబీ, సరైన ఎర్తింగ్ ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడకండి. లోపల చెయ్యి పెట్టే ముందు మెయిన్ కట్టేయండి. దానంతటదే ఆగిపోతుందని వదిలేయక, ఆగాల్సిన వేళకు దగ్గరుండండి. వేడి వంద డిగ్రీల లోపుకు దిగేదాకా మూత ఎత్తకండి; తెల్లవారేదాకా ఆగాల్సి వస్తే ఆగండి.