కాలము – కాయము – కాయకము

మానవునకు లభించిన ధనములలో కాలము విలక్షణమైనది. పోయిన సొమ్మును మరల సంపాదింపవచ్చును. అమ్ముకొన్న పొలమును మరల కొనవచ్చును. గడచిన గడియను తిరిగి తేగలవాడు లేడు. ఈ సంగతి నెరుగనివారు లేరు. అయినను కాలమును పొదుపు చేయదలచిన గృహస్థుడు మొట్టమొదట తగ్గించునది నిద్రను, పిమ్మట భోజనవేళను, ఆపైన విశ్రాంతిని. దేహరక్షణకై వెచ్చించు సమయము ధర్మకార్యమునుండి దొంగిలించిన సమయమగునా? ఇది విచారింపదగిన ప్రశ్న.

దీనికి మదనపల్లె ప్రాంతముననే ఒక చారిత్రక నిదర్శనము కలదు. పట్టణము చెంతనున్న ఆరోగ్యవరమున 1915లో క్షయరోగ చికిత్సాలయము వెలసినది. డెన్మార్కు దేశీయుడైన డాక్టరు క్రిశ్చియన్ ఫ్రిమోట్-మోలర్ దానికి తొలి అధిపతి. ఆనాటికి క్షయను నయముచేయు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడినది 1943లో. అంతవరకు ఇట్టి శానిటోరియములలో ప్రధాన చికిత్స వేళకు విశ్రాంతి, వేళకు పుష్టికరమైన ఆహారము, ధారాళమైన గాలి, సత్తువ కుదిరినకొలది కొద్దికొద్దిగా నడక. సేద్యము, వ్యాపారము, సంసారము అన్నియు విడిచి నెలల తరబడి పడకపై నుండుటయే రోగికి పని. క్షయ సూక్ష్మజీవివలన సంక్రమించునది. దానిని రోగి చేసిన తప్పుగా నెంచుట అన్యాయము. కాని రోగమునకు కారణమేదైనను, దేహము పడిపోయినచో మనుజుని కాలమంతయు దానితోకూడ పడిపోవునన్న సత్యమును ఆ పడకలు చాటినవి.

ఈ నిదర్శనమును ఒక ప్రక్కకే లాగుట తగదు. మదరాసులో 1956లో స్థాపింపబడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము కొందరు రోగులకు ఇంటివద్దను, మరికొందరికి శానిటోరియములోను అవే మందుల నిచ్చి పరీక్షించినది. 1959లో ఫలితములు వెలువడినవి. మంచి తిండి, విశ్రాంతి అంతగా లేకున్నను, ఇంటనున్నవారికిని దాదాపు సమానముగా నయమైనది. కనుక పథ్యము, విశ్రాంతి మందునకు బదులు కానేరవు. అయితే ఆ చికిత్సయు ఏడాది పొడవున మందును తప్పక పుచ్చుకొనుటపై నాధారపడినది. మందు మ్రింగుటకు పట్టునది రెండు నిమిషములే. దానిని మాటిమాటికి మానినచో నెలల చికిత్స వ్యర్థము కావచ్చును. నియమము తప్పని కొద్దిపాటి కాలమునకు గల విలువ యిది.

నేడు పల్లెలలో సైతము మధుమేహము, రక్తపోటు సామాన్యములైనవి. పెద్దలు వారమునకు కనీసము 150 నిమిషములు చురుకైన నడకవంటి శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. వారమునకు 10,080 నిమిషములు. అందు 150 నూటికి రెండు పాళ్లైనను కాదు. అంత మాత్రమున రోగమే రాదని ఎవ్వరును హామీ యీయలేరు. వచ్చు అవకాశము తగ్గునన్నది నిశ్చయము. రాత్రి పొద్దుపోవువరకు సెల్‌ఫోను చూచి, ఉదయము నడకకు తీరికలేదనుట లెక్కకు నిలుచు మాట కాదు.

'పనియే పూజ గదా, విశ్రాంతి యెందు'కని కొంద రాక్షేపింతురు. కాయకమను పదము కాయమునుండి పుట్టినది. కాయమును చెరుపుకొని చేయు కాయకము ఎన్నినాళ్లు సాగును? కల్యాణమున రాలిన బియ్యమును ఏరుటయే కాయకముగా గల శరణుడు ఆయ్దక్కి మారయ్య. అతడొకనాడు అవసరమునకు మించి తెచ్చినప్పుడు, భార్య లక్కమ్మ దానిని తిరిగి అచ్చటనే వేసి రమ్మన్నదని శరణుల చరిత్ర. కాయకమునకును ఒక మితి కలదని ఆ యిల్లాలు ఎరుగును. మితి మీరిన శ్రమ పలుమారు ఆశకు మారుపేరు.

ఇక మిగిలినది అన్నిటికంటె కఠినమైన మాట. నిమ్మనపల్లె చుట్టుప్రక్కల టమోటా తోటలలో పగలంతయు నడుము వంచి కాయలు కోయు కూలిస్త్రీకి 'నడువుము, ఆరోగ్యము కలుగు'నని బోధించుట పరిహాసమగును. ఆమెకు కావలసినది నీడ, మంచినీరు, నడుము వాల్చుటకొక గడియ. ఆమె కాలము ఆమె చేతిలో లేదు. పని చేయించువాని చేతిలో నున్నది. ఇంటియందును అంతే. అందరికంటె ముందు లేచి, అందరును తిన్న పిదప మిగిలిన సంగటి ముద్దతో సరిపెట్టుకొని, అందరికంటె వెనుక పండుకొను ఇల్లాలి నిద్రను హరించి, ఇంటి యజమాని చేయు ప్రాతఃకాలపు వ్యాయామము ఏపాటి ధర్మము? తన నీళ్లచెంబు తాను తెచ్చుకొని, ఒక పూట వంటపని పంచుకొన్నచో, అతని వ్యాయామమును ఆమె విశ్రాంతియు ఒక్కసారిగా సిద్ధించును.

దేహము దేవాలయమను మాట నిజమైనచో, అది తన దేహమునకే చెల్లునది కాదు. కూలివాని దేహమును, ఇల్లాలి దేహమును దేవాలయములే. తన కాలమును సద్వినియోగము చేసికొనుట వివేకము. తన యధీనమందున్న పరుల కాలమున వారి నిద్రకు, అన్నమునకు, విశ్రాంతికి చోటు విడుచుట ధర్మము. ఈ రెండును కూడిననాడే దినచర్య కాయకమగును.