ఆ చేతికి కాదు డాక్టర్ గారూ

చిన్నోడా,

విజయవాడ సిద్ధార్థ మెడికల్ కాలేజీలో సీటు వచ్చిందని మీ అమ్మ తిరువూరంతా స్వీట్లు పంచింది. ఆ సందడిలో ఏం చెప్పినా నీ చెవికెక్కదని ఊరుకున్నాను. ఇప్పుడు క్లాసులు మొదలై కాస్త కుదురుకున్నావు కనుక రాస్తున్నాను. సర్వీసంతా సర్కారు వార్డుల్లో గడిపి హెడ్ నర్సుగా రిటైరైన అమ్మమ్మ మాట ఇది. మీ ప్రొఫెసర్లతో నాకు పోటీ లేదు. వాళ్ళు ఉండే వైపు నుంచి కనపడనివి కొన్ని ఉంటాయి, అవే చెబుతాను.

డయాలసిస్ గదిలోకి ఎప్పుడైనా వెళ్ళి ఓ మూల నుంచుని చూడు. పేషెంటు రాగానే టెక్నీషియన్ ముందు బరువు తూస్తాడు. ఆ పూట ఒంట్లోంచి ఎంత నీరు తియ్యాలో ఆ లెక్క మీదే ఉంటుంది. సిస్టర్ వచ్చి చేతిమీద, డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులా దగ్గర వేళ్ళు ఆనించి, లోపల జుమ్మని అదురుతోందో లేదో పట్టి చూస్తుంది. ఆ అదురు లేకపోతే సూది మాట అటుంచి, ముందు సర్జన్‌కి కబురెళ్ళాలి. ఇంతలో కొత్తగా వచ్చిన హౌస్‌సర్జన్ బీపీ చూద్దామని అదే చేతికి పట్టీ చుట్టబోతాడు. బిగిస్తే రక్తం గడ్డకట్టి ఫిస్టులా మూసుకుపోవచ్చు. వారానికి రెండు మూడుసార్లు, వచ్చినప్పుడల్లా దాదాపు నాలుగు గంటలు, ఆ మనిషి బతుకంతా ఆ చేతిమీదే నడుస్తోంది. "ఆ చేతికి కాదు డాక్టర్ గారూ" అని అక్కడ ఎవరో ఒకరు అనాలి.

అనాల్సిన టెక్నీషియన్‌కి నీ వయసే ఉండొచ్చు, జీతం నీ స్టైపెండ్ కన్నా తక్కువే కావచ్చు. నోరు తెరుస్తాడా, మనకెందుకులే అని మింగేస్తాడా అన్నది, అంతకుముందు వారం నువ్వు అతనితో ఎలా మాట్లాడావో దాన్ని బట్టి ఉంటుంది. అందుకే ఇంకేం నేర్చుకున్నా నేర్చుకోకపోయినా, నీకు అడ్డు చెప్పడానికి జంకు లేకుండా నీ చుట్టూ ఉన్నవాళ్ళని ఉంచుకో. తెల్లకోటు ఇస్త్రీ మడత నలగకముందే, చదువుకునే రోజుల్లోనే అలవాటు కావాలి ఇది. ముప్ఫై అయిదేళ్ళు వచ్చాక ఎవరూ నేర్పలేరు, నేర్పబోయి తిట్లు తిన్నవాళ్ళని చాలామందిని చూశాను.

డయాలసిస్ గురించే ఎందుకు చెబుతున్నానో నీకు తెలుసు. మన పక్కనే ఏ. కొండూరు. అక్కడి తండాల్లో కిడ్నీలు చెడిపోతున్న సంగతి చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నావు. శ్రీకాకుళం ఉద్దానంలో ఎన్ని పరిశోధనలు జరిగినా, ఇదీ కారణం అని ఒక్కదాన్ని వేలుపెట్టి చూపలేకపోయారు. ఇక్కడా నీళ్ళనీ, ఎండలో చాకిరీనీ, నొప్పి బిళ్ళల్నీ అన్నింటినీ అనుమానించాల్సిందే. ఇలాంటి జబ్బు ఒక్క డాక్టరు చేతికి చిక్కుతుందా?

నడుం నొప్పని ఓ తండా మనిషి వస్తాడనుకో. మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అడిగి కొనుక్కుంటూ ఎన్ని నెలలు గడిపాడో షాపు ఫార్మసిస్టుకి తెలుసు. ఏ బోరు నీళ్ళు తాగుతున్నాడో, ఇంట్లో ఇంకెవరికి కాళ్ళవాపులున్నాయో ఆశా కార్యకర్తకి తెలుసు. పైగా ఆ అమ్మాయికి వాళ్ళ లంబాడీ భాష వచ్చు, నీకు రాదు. పోయినసారి క్రియాటినిన్ ఎంతుందో ల్యాబ్ టెక్నీషియన్ రిజిస్టర్‌లో ఉంటుంది. బీపీ బిళ్ళలు సగంలో మానేశాడని విలేజ్ క్లినిక్‌లో నర్సుకి చెప్పి ఉంటాడు, నీకు మాత్రం "వేసుకుంటున్నానయ్యా" అంటాడు. తండాకి మంచినీళ్ళ పైపు వేయించాల్సిన గ్రామీణ నీటి సరఫరా ఇంజినీరు ఆసుపత్రి మొహం కూడా చూడడు. ఓపీ రద్దీలో ఆ మనిషి నీ ముందు కూర్చునేది అయిదు నిమిషాలు. వీళ్ళెవరూ నీతో మాట్లాడకపోతే నువ్వు రాసిచ్చేది మళ్ళీ ఓ నొప్పి బిళ్ళే.

మీ కాలేజీని ఆనుకునే హెల్త్ యూనివర్సిటీ ఉంది కదా. 1986లో ఎన్టీ రామారావు గారు పెట్టారు, దేశంలో ఆ తరహాది అదే మొదటిది. డాక్టర్లు, దంతవైద్యులు, నర్సులు, ఫిజియోథెరపిస్టులు, ఆయుర్వేదం, హోమియో వాళ్ళు అందరికీ పట్టా ఇచ్చేది అదే. ఒకే గొడుగు కిందున్నారు కానీ కలిసి ఒక్క పాఠం విన్నవాళ్ళు ఎందరని? సరిగ్గా అదే 1986లో స్వీడన్‌లోని లిన్‌షోపింగ్‌లోనూ అలాంటిదే ఒకటి మొదలైంది. వాళ్ళు మెడికల్, నర్సింగ్, ఫిజియోథెరపీ పిల్లల్ని మొదటి వారాల్నుంచే ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. 1996కి ఓ వార్డునే పిల్లల చేతుల్లో పెట్టారు. వెనక పెద్దవాళ్ళు కనిపెట్టుకుని ఉంటారు, రోగిని చూసుకునేది మాత్రం రకరకాల కోర్సుల విద్యార్థులు కలిసి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో అన్ని దేశాలకీ ఈ దారే చెప్పింది. మనవాళ్ళు 2019 నుంచి ఎంబీబీఎస్‌లో నడవడిక, నీతి, మాటతీరు పాఠాలు చేర్చారు, మంచిదే. కానీ వాటిని కూడా మెడికోలు మెడికోలతోనే కూర్చుని వింటే ఏం లాభం? ఏడాదికోసారి సెమినార్ హాల్లో అందర్నీ కూడేసి సమోసాలు పెట్టి పంపించడమూ నాకు నమ్మకం లేని తంతే.

ఇదంతా మర్యాద కోసం అనుకునేవు, ప్రాణాల కోసం. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ థియేటర్లకి 19 అంశాల చెక్‌లిస్టు ఒకటి ఇచ్చింది. కత్తి పెట్టేముందు గదిలో ఉన్న ప్రతివాళ్ళూ తమ పేరూ, పనీ పైకి చెప్పాలని అందులో ఉంది. ఢిల్లీతో కలిపి ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో పరీక్షిస్తే, ఆపరేషన్ తర్వాత చావులు నూటికి 1.5 నుంచి 0.8కి దిగాయి. అదంతా పేర్లు చెప్పుకోవడం వల్లే కాదు, మిగతా అంశాలూ ఉన్నాయి. కానీ ఒకసారి నోరు తెరిచి పేరు చెప్పిన సిస్టరు రెండోసారి "సార్, ఒక గాజుగుడ్డ లెక్క తగ్గింది" అనడానికి అంత తటపటాయించదు. అది నా కళ్ళతో చూసిందే.

కలిసి పనిచేయడమంటే అన్నిటికీ చేతులెత్తి ఓట్లు వెయ్యడం కాదు. గుండె ఆగినవాడి దగ్గర ఒకరే చెప్పాలి, మిగతావాళ్ళు చెయ్యాలి. చాలాసార్లు ఆ ఒకరూ నువ్వే అవుతావు, సంతకమూ బాధ్యతా నీవే. ఆ బాధ్యతకి వెరచి నలుగురి మీదికీ నెట్టెయ్యమని నేను చెప్పను.

ఇంకో ముక్క. మొన్న సంక్రాంతికి నువ్వు అనాటమీ హాలు కబుర్లు చెబుతుంటే ఇంటిల్లిపాదీ నోరెళ్ళబెట్టి విన్నారు. బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడాదిలో ఉన్న మీ చిట్టక్కని మాత్రం కాఫీలు పట్టుకురమ్మన్నారు. ఆమె ఆపాటికే వార్డుల్లో రాత్రి డ్యూటీలు చేసొస్తోంది. ఎవరైనా ఆ కబుర్లు అడిగారా? నువ్వడిగావా? సెలైన్ ఎక్కించేటప్పుడు ఏమేం చూస్తుందో, డాక్టరు చీటీలో ఏది అర్థంకాక ఎవర్ని అడగాల్సివస్తుందో అడుగు. చెబుతుంది, గంటసేపు చెబుతుంది.

మీకు ఊళ్ళో కుటుంబాలను దత్తత తీసుకునే కార్యక్రమం ఉందటగా. కాలేజీవాళ్ళు ఇచ్చే ఊరు ఎటూ చూస్తావు. ఈ వేసవి సెలవుల్లో మాత్రం ఏ. కొండూరు వెళ్ళు, చిట్టక్కనీ తీసుకెళ్ళు. అక్కడి ఏఎన్‌ఎంతో నేను మాట్లాడి ఉంచుతాను. ఎవరికీ మందులు రాసెయ్యకు, ఆశా అమ్మాయి వెనకాల నడువు, ఆమె ఏ ఇంట్లో ఏ ప్రశ్న ముందు అడుగుతుందో విను. ఆరు గంటలకల్లా అక్కడుండాలి. ఎండెక్కితే అందరూ పనుల్లోకి పోతారు. టిఫిను ఇద్దరికీ కట్టిస్తాను, నీళ్ళు మాత్రం ఇంటి నుంచే తీసుకెళ్ళండి.