మాట దాచుట ధర్మమా?

పట్టణములలోని వైద్యశాలలందు తరచు కనబడు దృశ్యమిది. వృద్ధుడైన తండ్రి బయట బల్లమీద కూర్చుండును. కుమారుడు ముందుగా వైద్యుని గదిలోనికి పోయి, వ్యాధి నయమగునది కాదని విని, "నాన్నగారికి మాత్రము చెప్పకండి" అని చేతులు జోడించును. ఇది ప్రేమయే, సందేహము లేదు. కాని ఆ తండ్రి లింగధారి అయినచో, ప్రేమ పేరిట ఆయన కోల్పోవుచున్నదేమో యోచింపవలసియున్నది.

వీరశైవులు పంచసూతకములను పాటింపరు. మృతసూతకము వానిలో ఒకటి. లింగైక్యము జరిగిన ఇంట మైల లేదని చెప్పుకొను కుటుంబమే, ఆ మాటను ముందుగా ఎత్తుటకు జంకుచున్నది. శవమునకు లేని అంటు మాటకెక్కడిది?

దాచుటవలని నష్టము నొప్పి రూపమున కనబడును. చెప్పినచో పిల్లలు కంగారుపడుదురని, మరల పరీక్షలకు త్రిప్పుదురని వృద్ధుడు నొప్పిని మ్రింగుకొనును. ఇష్టలింగమును అరచేత నుంచుకొని పట్టుమని పది నిమిషములు కూర్చొనలేని దశ వచ్చినను "బాగానే యున్నది" అనును.

ఉపశమన చికిత్స అక్కరకు వచ్చునది ఇచ్చటనే. దీనికై ఆసుపత్రిలో చేరి పడియుండ నక్కరలేదు. 1993లో కోళిక్కోడు వైద్యకళాశాలలో ఈ సేవ బయటిరోగులను చూచుటతోనే ఆరంభమై, పిమ్మట కేరళమున ఇండ్లకు పోయి చూచు సేవగా విస్తరించినది. నొప్పి ఎక్కడ, నిద్ర పట్టుచున్నదా, దేనికి దిగులు అని వైద్యుడు రోగినే అడుగును. తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ మాత్రలు ఇత్తురు. నల్లమందునుండి వచ్చినది గనుక మైకము కమ్మి పూజ చెడునని పెద్దలకొక శంక. అది నిరాధారము కాదు. మొదట మగత యుండును, మలబద్ధకమునకు వేరే మందు కావలెను. కాని తగు మోతాదులో వాడినచో ఆ మగత సాధారణముగ కొన్ని దినములలో తగ్గును. నొప్పికన్న పూజకు పెద్ద విఘ్నమేది? 1985 నాటి మాదకద్రవ్యముల చట్టముతో ఈ మందు దొరకుట దుర్లభమైనది. 2014లో చట్టమును సవరించినను పలు ఊళ్లలో ఇంకను దొరకదు.

తెలిసికొనగోరని వృద్ధులును కలరు. వారికి బలవంతముగ చెప్పుట హింసయే. దయను ధర్మమునకు ఆధారముగ నిలిపిన బసవేశ్వరుని మార్గమున దానికి తావు లేదు. కావున ముందు అడుగవలసినది తండ్రినే: "జబ్బు సంగతి మీకు చెప్పమందురా, అబ్బాయికి చెప్పమందురా?" అబ్బాయికే చెప్పుమన్నచో అది ఆయన నిర్ణయము. తనకే చెప్పుమన్నచో, తీర్చవలసిన బాకీకి, చూడవలసిన కుమార్తెకు, పిలిపింపవలసిన జంగమయ్యకు ఇంకను కొన్ని దినములున్నవి.